గాదె తాళం ఎవరి దగ్గర ఉండాలి

అందరికీ నమస్కారం. చివరి వరసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

పల్లెల్లో ఆహార భద్రత కోసం ఊరంతా కలిసి ఒక కూటమి కట్టుకోవడం ఎలా అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నిలబడ్డ కూటములను చూశాను, రెండో ఏడు దాటకుండానే చెదిరిపోయినవాటినీ చూశాను. చెదిరినవాటిలో ఒకటి నేను దగ్గరుండి కట్టించిందే. దాని సంగతి కూడా ఇవాళ చెబుతాను. దాన్ని దాచిపెట్టి మిగతావన్నీ చెబితే మీకు ఉపయోగం ఉండదు.

ముందు ఒక ప్రశ్న. పంట పండించే ఊళ్లో జనం పస్తులు ఎందుకుంటారు? పట్నంలో పేదవాడు ఆకలితో ఉన్నాడంటే మనకు అర్థమవుతుంది. చుట్టూ పొలాలే ఉన్నచోట, తెల్లవారుజామునే లేచి ఆ పొలాల్లోకే పనికి పోయే మనిషి ఇంట్లో పొయ్యి వెలగకపోవడం ఏమిటి?

దీనికి తిరుగులేని జవాబు చెప్పినవాడు అమర్త్య సేన్. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయారు. ధాన్యం లేకనే చనిపోయారని అంతా అనుకునేవారు. సేన్ లెక్కలు తీసి చూస్తే, ఆ ఏడు అందుబాటులో ఉన్న తిండిగింజలు 1941లో ఉన్నవాటికంటే ఎక్కువే అని తేలింది. 1941లో కరువు రాలేదు. మరి 1943లో ఎవరు పోయారు? వ్యవసాయ కూలీలు, చేపలు పట్టేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, చేతివృత్తులవాళ్లు. ధర ఆకాశానికి ఎక్కింది, వాళ్ల కూలి మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. గింజ ఉంది, వాళ్లకు అందలేదు. 1981లో ఆయన ఈ సంగతి వివరంగా రాశాక ఆకలి గురించి ప్రపంచం ఆలోచించే తీరే మారిపోయింది.

అందుకే 1996లో రోమ్‌లో ప్రపంచ ఆహార సదస్సు జరిగినప్పుడు, ఆహార భద్రత అంటే ఏమిటో రాసుకున్న వాక్యంలో తిండి అన్న మాట కంటే ముందు రెండు మాటలు పడ్డాయి. అందరికీ, అన్నివేళలా. ఆ రెండు మాటలనూ ఒక్కసారి మీ ఊరికి పెట్టి చూసుకోండి. అందరికీ అంటే ఊరి చివరి ఇంటికి కూడా. అన్నివేళలా అంటే కోతలు అయిన నెలలోనే కాదు, కోతలకు ముందు నెలల్లో కూడా.

ఆ కోతల ముందు నెలలే అసలు కష్టం. ఇంట్లో నిల్వ అయిపోతుంది, పొలంలో పంట ఇంకా పచ్చిగా ఉంటుంది. కలుపు తీయడానికో మరో పనికో ఒంట్లో బలం కావాల్సింది సరిగ్గా అప్పుడే. పైగా ఆ రోజుల్లోనే జబ్బులు ఎక్కువ. చిన్న రైతు కోత కోసిన వారంలోనే అప్పులవాళ్లకు కట్టడానికి గింజలు అమ్మేస్తాడు. అందరూ ఒకేసారి అమ్ముతారు కాబట్టి ధర పడిపోతుంది. నాలుగైదు నెలలు తిరిగేసరికి అదే గింజను అంతకంటే ఎక్కువ పెట్టి కొనుక్కుంటాడు. తను పండించిందే, తను మోసిందే. ఈ ఒక్క చక్రాన్ని ఆపగలిగినా కూటమి పుట్టినందుకు సార్థకత ఉన్నట్టే అని నేను అనుకుంటాను.

దీన్ని ఒక్కడు ఆపలేడు. ఎందుకంటే కావాల్సినవన్నీ తలా ఒకరి చేతిలో ఉంటాయి. గింజ ఒకరి దగ్గర, ఖాళీ గది ఒకరి దగ్గర, బండి ఇంకొకరి దగ్గర. లెక్కలు రాయడం బడి పంతులుకు వచ్చు. ఏ ఇంట్లో పిల్లలు బరువు తగ్గుతున్నారో ఆరోగ్య కార్యకర్తకు తెలుసు. ఏ ఇల్లు ఎంత అప్పు పెట్టిందో దుకాణం నడిపేవాడికి తెలుసు, బయటికి చెప్పడు, అంతే. ఆకలి ఎప్పుడు మొదలవుతుందో ఆకలిగా ఉండేవాళ్లకు తెలుసు, వాళ్లను అడిగేవాళ్లే ఉండరు.

అడగడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. చాలామంది ఈ మెట్టు ఎక్కకుండానే ముందుకు పోతారు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటి తయారు చేసింది. గడిచిన పన్నెండు నెలల్లో చేతిలో డబ్బు లేకనో మరో ఆధారం లేకనో ఇలా జరిగిందా అని అడుగుతారు. తిండి చాలదేమో అని టెన్షన్ పడ్డారా? ఒంటికి మంచిదైన తిండి తినలేకపోయారా? కొద్ది రకాలతోనే సరిపెట్టుకున్నారా? ఒక పూట మానేశారా? తినాల్సినదానికంటే తక్కువ తిన్నారా? ఇంట్లో అసలు ఏమీ లేకుండా అయిపోయిందా? ఆకలేసినా తినకుండా ఉన్నారా? రోజంతా ఏమీ తినకుండా గడిపారా? చూశారా, ప్రశ్న ప్రశ్నకూ ఎలా లోతుకు దిగుతుందో. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. నమ్మకం ఉన్న మనిషి వెళ్లి అడిగితే చాలు. ఆ మనిషి ఎవరన్నదే ముఖ్యం.

ఒకసారి ఒక ఇంటి అరుగు మీద కూర్చుని నేను ఈ ప్రశ్నలు అడుగుతున్నాను. ఆ ఇల్లాలు చాట ముందు పెట్టుకుని గింజల్లో రాళ్లు ఏరుతోంది. నా వంక చూడకుండానే జవాబులు చెబుతోంది. పూట మానేశారా అంటే లేదంది. రోజంతా తినకుండా ఉన్నారా అంటే లేదంది. సరే, ఈ ఇంటికి ఇబ్బంది లేదని నేను కాగితం మీద గుర్తు పెట్టబోతుంటే, చెయ్యి ఆపి తలెత్తింది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తింటానండీ, ఒక్కోసారి ఏమీ మిగలదు, అది పూట మానేసినట్టు లెక్కా అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ఇంటి మగమనిషిని అడిగి ఉంటే ఆ పట్టికలో ఆ ఇల్లు నిండా తిన్నట్టే పడేది. అప్పటినుంచీ ఒక ఇంట్లో ఇద్దరిని అడగందే, అందులో ఒకరు ఆడమనిషి కాందే, కాగితం మడవను.

ఇంకో పద్ధతి ఉంది. నేల మీద పన్నెండు గళ్లు గీసి, నెలకొక గడి అని చెప్పి, గులకరాళ్లు చేతికిస్తారు. తిండికి ఇబ్బంది ఎక్కువున్న నెలలో ఎక్కువ రాళ్లు పెట్టమంటారు. 1980ల నుంచి గ్రామాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ లాంటివాళ్లు గ్రామాల్లో ఇలాంటి పద్ధతులను బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. చదువురానివాళ్లు కూడా ఇందులో వాదిస్తారు, ఒకరు పెట్టిన రాయిని ఇంకొకరు తీసేస్తారు. ఆ వాదన వింటూ కూర్చుంటే మీకు కావాల్సిన సమాచారమంతా దొరుకుతుంది. నన్నడిగితే కూటమి మొదటి సమావేశం అదే. బ్యానరు, పూలదండలు, తీర్మానాలు తర్వాత.

ఇప్పుడు నేను కట్టించిన ఆ కూటమి సంగతి.

మేము చేసిందేమిటంటే, ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లందరినీ పిలిచాం. వచ్చారు. కమిటీ వేశాం. బయటి నుంచి డబ్బు వచ్చింది, ఆ డబ్బుతో గింజలు కొని నిల్వ పెట్టాం. కష్టకాలంలో అప్పుగా ఇస్తాం, కోతలయ్యాక కొంచెం కలిపి తిరిగివ్వాలి అన్నాం. కాగితం మీద ఎక్కడా లోపం లేదు. మొదటి ఏడు గింజలు తీసుకున్నారు. తిరిగిచ్చినవాళ్లు చాలా తక్కువ. రెండో ఏడు ఇంకా తక్కువ. మూడో ఏడు గది ఖాళీ.

జనం మంచివాళ్లు కాదని అప్పుడు కొందరన్నారు. నాకూ కొన్నాళ్లు అలాగే అనిపించింది, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత తెలిసింది, ఇది మా ఒక్క ఊరి కథ కాదని. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ దేశాల్లో 1970ల మొదట్లో ఘోరమైన కరువు వచ్చింది. ఆ తర్వాత బుర్కినా ఫాసో, నైజర్, మాలీ లాంటి చోట్ల ఊరూరా గింజల బ్యాంకులు పెట్టించారు. చాలావాటికి మొదటి నిల్వ బయటినుంచే వచ్చింది. వాటిలో ఎన్నో కొద్ది ఏళ్లలోనే మూతపడ్డాయి. కారణాలూ మావిలాంటివే. అప్పు తిరిగి రాలేదు, లెక్కలు సరిగ్గా లేవు, ఆ గింజలు ఎవరివో ఎవరికీ తెలియదు. బయటివాడు ఇచ్చిన గింజను బయటివాడికి తిరిగివ్వడం దేనికి అనుకోవడంలో తప్పేముంది? పక్కింటివాళ్ల సోలెడు గింజలు కూడా ఆ గాదెలో ఉన్నాయంటే, ఎగ్గొట్టేవాడు ఆ పక్కింటివాళ్ల ముఖం చూడాల్సి వస్తుంది.

ఇంకో తప్పు కూడా చేశాం. సమావేశాలు పొద్దున్న పదకొండింటికి పెట్టేవాళ్లం. ఆ వేళకు కూలీలందరూ పొలాల్లో ఉంటారు. ఒక పూట పని మానుకుని రమ్మంటే, ఆ పూట తిండి మానుకుని రమ్మన్నట్టే. మినిట్స్ పుస్తకంలో వాళ్ల పేర్లు లబ్ధిదారులు అన్న శీర్షిక కింద ఉండేవి. సభ్యుల జాబితాలో లేవు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

దీని మూలం ఎక్కడుందో నాకు బాగా అర్థమైంది ఎలినార్ ఆస్ట్రమ్ పని చదివాక. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు, ఆ శాస్త్రంలో అది అందుకున్న మొదటి మహిళ ఆవిడ. చెరువులు, అడవులు, కాలువలు, చేపల రేవులు, ఇలాంటి ఉమ్మడి ఆస్తులను జనం ఎలా కాపాడుకుంటారో జీవితమంతా చూశారు. నేపాల్ సాగునీటి కాలువల మీద ఆవిడా, ఆవిడతో పనిచేసినవాళ్లూ ఒక సంగతి గమనించారు. ప్రభుత్వం సిమెంటుతో కట్టించిన కాలువలు ఒకవైపు, రైతులే మట్టి, రాళ్లు, చెట్టుకొమ్మలతో కట్టుకున్న కాలువలు మరోవైపు. చివరి పొలాలకు నీళ్లు దేంట్లో బాగా అందుతాయి? మొత్తం మీద చూస్తే రైతులు కట్టుకున్నవాటిలోనే.

ఎందుకంటే, మట్టి ఆనకట్ట ఏటా వరదకు తెగుతుంది. తెగినప్పుడల్లా దాన్ని మళ్లీ కట్టాలి. ఎగువ పొలాలవాళ్లు ఒక్కళ్లే కట్టుకోలేరు, చివరి పొలాలవాళ్ల చేతులు కూడా కావాలి. నీళ్లు ఇవ్వకపోతే వాళ్లు పనికి రారు. అందుకని ఇస్తారు. సిమెంటు కట్ట వచ్చాక ఎగువవాళ్లకు దిగువవాళ్లతో పని పడలేదు. పని పడని మనిషికి నీళ్లు ఎందుకు వదులుతారు?

ఇవాళ మీకు చెప్పదలచుకున్నదంతా ఈ కాలువలోనే ఉంది. మనం కట్టే కూటమిలో కొందరిని ఇచ్చేవాళ్లుగా, కొందరిని పుచ్చుకునేవాళ్లుగా విడదీశామంటే అది దానధర్మం అవుతుంది. దానం మంచిదే, కానీ ఇచ్చేవాడికి విసుగు పుట్టిన రోజున ఆగిపోతుంది. ఇచ్చిపుచ్చుకోవడం ఉంటేనే అది నాలుగు కాలాలు నడుస్తుంది. కాబట్టి కూటమిలోకి ఎవరు వచ్చినా మొదట అడగాల్సింది మీకేం కావాలి అని కాదు, మీరేం పెడతారు అని. ఏమీ లేనివాళ్లను ఇలా అడగడం కఠినంగా అనిపిస్తుంది. నేనూ మొదట నోరు విప్పలేకపోయాను. అడిగి చూస్తే తెలిసింది, ఏమీ పెట్టలేని ఇల్లు నాకు ఒక్కటి కూడా ఎదురుపడలేదు. గింజలు ఎండబోసి కాపలా ఉంటామన్నవాళ్లున్నారు. విత్తనాలు దాచడంలో ఆరితేరిన ముసలివాళ్లున్నారు. గోనెసంచులకు మాసికలు వేస్తానని ఒకావిడ ముందుకొచ్చింది. కోతలప్పుడు గుప్పెడు గింజలు పెడతామన్న కూలీలూ ఉన్నారు. ఆ గుప్పెడు కూడా పుస్తకంలో రాయాలి, పేరుతో సహా రాయాలి.

పెద్ద రైతును కూడా అదే ప్రశ్న అడగండి. ఆయనకూ కూటమితో పని పడేలా చూడాలి. ఆయనకు కోతలప్పుడు మనుషులు దొరకరు, నిల్వకు చోటు చాలదు, విత్తనం చెడిపోతుంది. ఏదో ఒకటి ఉంటుంది, వెతకాలి.

నియమాల గురించి రెండు ముక్కలు. పాటించేవాళ్లే వాటిని రాసుకోవాలి. తప్పు చేస్తే మొదటిసారే గెంటేయకూడదు, చిన్న జరిమానాతో మొదలుపెట్టాలి, మళ్లీ చేస్తే పెంచాలి. కాపలా కాసేవాళ్లు సభ్యుల్లోంచే రావాలి. ఇవీ ఆస్ట్రమ్ చూసిన సంగతులే. పంట పోయిన ఏడు అప్పు వాయిదా వేసే నియమం ముందే రాసిపెట్టుకోండి. కష్టం వచ్చాక రాద్దామంటే ఎవరి మొహం చూసి రాశారన్న మాట వస్తుంది.

ఇక గింజల నిల్వ. కూటములు మనుషుల తగాదాలతోనే పోతాయనుకుంటాం గానీ, బూజుతోనూ పురుగుతోనూ పోయినవి తక్కువేం కాదు. ప్రపంచం మొత్తం మీద కోత తర్వాత దుకాణం చేరేలోపు పోయే తిండి 14 శాతం దాకా ఉంటుందని ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో లెక్క చెప్పింది. ఉమ్మడి గాదెలో ఒక ఇంటి తడి గింజలు పడితే పదిళ్ల గింజలు పాడవుతాయి. అప్పుడు వచ్చే గొడవ గింజల గొడవ కాదు, నమ్మకం గొడవ.

తేమ చూడటానికి మిషన్ లేకపోయినా పరవాలేదు. పొడిగా ఉన్న గాజు సీసా ఒకటి తీసుకోండి, మూత గట్టిగా పట్టాలి. మూడో వంతు గింజలు పోయండి. బాగా ఎండిన ఉప్పు రెండు మూడు చెంచాలు వేయండి. మూత పెట్టి ఒక నిమిషం గట్టిగా కుదిపి, పావుగంట కదపకుండా పక్కన పెట్టండి. తర్వాత వెలుతురుకు ఎత్తి చూడండి. ఉప్పు సీసా గోడకు అంటుకుని ఉంటే గింజలో తేమ 15 శాతం దాటినట్టు, మళ్లీ ఎండలో పోయాల్సిందే. అంటకుండా కిందికి రాలిపోతే తేమ అంతకంటే తక్కువ ఉన్నట్టు. నెలల తరబడి దాచాలంటే ఇంకో ఎండ చూపించి 13 శాతం దగ్గరికి తేవడం మంచిది.

ఈ పరీక్ష అందరి ముందూ చేయండి, ప్రతి సంచికీ చేయండి. పెద్ద రైతు సంచి వెనక్కి పోవడం, కూలీ సంచి లోపలికి రావడం ఊరు కళ్లారా చూడాలి. ఒక తూకం రోజున అదే జరిగింది. సీసా ఎండలో పట్టుకుంటే ఉప్పు తెల్లగా గాజుకు పట్టేసి ఉంది. ఆ రైతు ఒక్క మాట అనకుండా సంచి తిరిగి బండికెత్తాడు, నాలుగో రోజున ఎండబెట్టి తెచ్చాడు. ఆ రోజు నుంచి ఆ కూటమి తూకం మీద ఎవరూ అనుమానం పెట్టుకోలేదు.

పురుగుకైతే గాలి చొరబడని సంచులు వచ్చాయి. లోపల రెండు ప్లాస్టిక్ పొరలు, బయట నేసిన సంచి. కామెరూన్‌లో 1980ల చివర్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంవాళ్లు మొదలుపెట్టిన పని అది. లోపల ఆక్సిజన్ అయిపోయేసరికి పురుగు తినడం మానేస్తుంది, మందు కొట్టే అవసరం ఉండదు. అయితే గింజ బాగా ఎండి ఉండాలి.

ప్రభుత్వంతో, బయటి సంస్థలతో ఎలా ఉండాలని చాలామంది అడుగుతుంటారు. కలిసి పనిచేయండి. హక్కుగా రావాల్సినవి వదులుకోవద్దు, కూటమి ఉంది కదా అని వాళ్ల బాధ్యతను మన నెత్తిన వేసుకోవద్దు. డబ్బు ఇస్తామంటే గదికి, తూకానికి, సంచులకు తీసుకోండి. గాదెలో మొదటి గింజ మాత్రం మీదే అయి ఉండాలి.

టైమ్ అయిపోతోంది అంటున్నారు. ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలో ఒకరు: ఎంతమందితో మొదలుపెట్టాలి? ఊరంతా రాకపోతే?)

ఊరంతా వచ్చేదాకా ఆగొద్దు. ఇంగ్లండులో రోచ్‌డేల్ అని మిల్లులున్న ఊరు. 1844లో అక్కడ నేతపనివాళ్లూ ఇతరులూ కలిసి 28 మంది సహకార దుకాణం పెట్టారు. కల్తీ సరుకుతో విసిగిపోయి ఉన్నారు. తలా కొంచెం కూడబెట్టి, డిసెంబరులో దుకాణం తెరిచేనాటికి అందులో ఉన్నవి వెన్న, చక్కెర, పిండి లాంటి నాలుగైదు సరుకులే. ఎవరి వాటా ఎంతున్నా మనిషికి ఒక్కటే ఓటు అన్నారు. ఈనాటి సహకార సంఘాల నియమాలకు మూలం వాళ్లే. ఇరవై ఇళ్లు చాలు. కాకపోతే ఆ ఇరవైలో ఊరి చివరి ఇళ్లు ఉండాలి.

(వెనక వరస నుంచి ఒక మహిళ: గాదె తాళం ఎవరి దగ్గర ఉంచాలి? మా దగ్గర మొదటి గొడవ అక్కడే వచ్చింది.)

అమ్మా, మంచి ప్రశ్న. నేను మొదటే చెప్పాల్సిన సంగతి ఇది. ఒక్కరి దగ్గర ఉంచొద్దు, వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే. మూడు తాళాలు వేయండి, మూడు తాళంచెవులు మూడిళ్లలో పెట్టండి. ముగ్గురూ వస్తేగానీ తలుపు తెరుచుకోకూడదు. ఒకటి లెక్కలు రాసేవాళ్ల దగ్గర. ఒకటి ఎక్కువ గింజలు పెట్టినవాళ్లలో ఒకరి దగ్గర. మూడోది గింజలు తీసుకోవాల్సి వచ్చే ఇంట్లో, ఆ ఇంటి ఆడమనిషి దగ్గర.

ఇందాక ఒక ఇల్లాలి సంగతి చెప్పాను, చాట ముందు పెట్టుకుని రాళ్లు ఏరుతోందన్నాను. కొన్నేళ్ల తర్వాత అక్కడ మళ్లీ కూటమి కట్టుకున్నప్పుడు మూడో తాళంచెవి ఆవిడకే ఇచ్చారు. ఇప్పుడు సమావేశాలు కూలీలు పనినుంచి తిరిగొచ్చాక, దీపాలు పెట్టే వేళకు జరుగుతున్నాయి. ఆవిడ తాళంచెవిని మెడలో తాడుకు కట్టుకుని వస్తుంది. ముందుగా తాళాలు తీసేది మిగతా ఇద్దరే, ఆవిడ తాళంచెవి ఆఖర్న పడుతుంది. లోపలికి వెళ్లి ప్రతి సంచి మీదా చెయ్యి పెట్టి చూస్తుంది, వేడిగా ఉందేమోనని. ఎక్కడైనా అనుమానం వస్తే ఆ సంచి బయటికి తెప్పించి ఉప్పు సీసా తీసుకురమ్మంటుంది.